పిత్తం పేరు, నీళ్ళ జబ్బు

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచీ వరసగా ప్రసంగాలు వింటున్నారు. అయినా ఇంతమంది కూర్చుని ఉన్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. నేను ఒక్క మాట గురించే మాట్లాడతాను. కలరా.

మా నాయనమ్మ ఈ మాట ఎప్పుడూ అనలేదు. ఆవిడకు తెలిసిన మాట గత్తర. తెలంగాణ పల్లెల్లో కలరాకు అదే పేరు. ఆ మాటనైనా జబ్బు సంగతి చెప్పేటప్పుడు వాడేది కాదు. ఆవిడ చిన్నప్పుడు ఒకే వారంలో ఇంట్లో ఇద్దరు పోయారు. ఆ కథ ఎత్తుకోవాల్సి వస్తే "ఆ యేడు" అనేది, అంతే. ఏ యేడు, ఏమైంది అని నేను గుచ్చి గుచ్చి అడిగితే, "పేరు తియ్యకురా, పేరు తీస్తే ఇంట్లకొస్తది" అని నోరు మూయించేది. అదే మనిషి, ఆరబోసిన వడ్లలో మేక మూతి పెడితే, "నిన్ను గత్తర ఎత్తుకపోను" అంటూ చేతికందింది విసిరేది. జబ్బుగా పలకడానికి వణికే మాట, తిట్టుగా మాత్రం ఎంత తేలిగ్గా వచ్చేదో! మాటల వెంట పడి తిరగడం నాకు అక్కడే మొదలైంది.

ఇప్పటి పిల్లలు "గత్తరబిత్తర" అంటారు. పరీక్ష వాయిదా పడితే గత్తరబిత్తర, గట్టి వాన పడితే గత్తరబిత్తర. వాళ్ళకు అది కంగారు, గందరగోళం. అందులో ఒక జబ్బు పేరు వాళ్ళకు వినబడదు. వినబడకపోవడం మంచిదే. ఆ జబ్బును కళ్ళారా చూసిన తరం దాటిపోయిందని దాని అర్థం.

జబ్బు పేరు అంటే జబ్బు మీద అంటించిన చీటీ అనుకుంటాం. నాకు అలా అనిపించదు. పేరులో జబ్బు కంటే, దాన్ని చూసి భయపడ్డవాళ్ళ ఊహ ఎక్కువ ఉంటుంది. ఆ ఊహ అక్కడితో ఆగదు. తర్వాత వచ్చిన వైద్యుడి చేతిని అది నడిపిస్తుంది, రోగిని ఏ కంటితో చూడాలో ఊరికి చెబుతుంది. కలరా విషయంలో ఆ ఊహ ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చిందో చెప్పాలనే ఇక్కడికి వచ్చాను.

మొదట గ్రీకు దగ్గరికి వెళ్దాం. గ్రీకులో ఖోలే అంటే పిత్తం, పసరు. కలరా అన్న మాట దాన్నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇంటి చూరు నుంచి వాన నీళ్ళు జారిపోయే తూముకు గ్రీకులో ఇలాంటి మాటే ఒకటి ఉంది, అక్కణ్ణుంచి వచ్చిందని ఇంకొందరు అన్నారు. రోగి ఒంట్లోంచి నీళ్ళు పోయే తీరు తలుచుకుంటే రెండోది ఎంత సరిగ్గా సరిపోతుందో చూడండి! కానీ లోకంలో నిలబడింది పిత్తమే.

హిప్పోక్రటీస్ పేరు మీద నడిచే గ్రంథాల్లో, అంటే దాదాపు 2400 ఏళ్ళ కిందటి రాతల్లో, ఈ మాట ఉంది. ఏథెన్స్‌లో ఒకతనికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. గొంతు పోతుంది, కళ్ళు లోతుకు పోతాయి, కాళ్ళ పిక్కలు పట్టేస్తాయి. అది చదివితే మనకు గుండె ఝల్లుమంటుంది. కానీ వాళ్ళ దృష్టిలో అది ఊళ్ళను తుడిచిపెట్టే జబ్బు కాదు. ఎండాకాలంలో అక్కడొకరికి ఇక్కడొకరికి వచ్చే కడుపు జబ్బు. ఒంట్లో పసరు ఎక్కువైంది, పైనుంచీ కిందనుంచీ బయటికి తోసుకొస్తోంది. కలరా అంటే అంతే.

గ్రీకు వైద్యంలో మనిషి ఒంట్లో నాలుగు ద్రవాలు: నెత్తురు, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. పసుపు పిత్తం ఎక్కువైతే కోపిష్టి, నల్ల పిత్తం ఎక్కువైతే దిగులు మనిషి. దిగులుకు ఇంగ్లిష్‌లో మెలంకలీ అంటారు కదా, దాని అసలు అర్థం నల్ల పిత్తం. ఫ్రెంచివాళ్ళు కోపాన్ని ఇప్పటికీ కొలేర్ అంటారు. కలరాకు అది తోబుట్టువు. ఒకే మాట ఒక దారిన వెళ్ళి జబ్బయింది, ఇంకో దారిన వెళ్ళి కోపమయింది.

ఇదేమీ విడ్డూరం కాదు, మన భాషలోనూ అచ్చంగా ఇదే జరిగింది. పిత్తం నుంచి వచ్చిన పైత్యం ఒకప్పుడు ఒంటి జబ్బు. నోరు చేదు, కళ్ళు తిరగడం, పసరు వాంతి. ఇవాళ "వాడికి పైత్యం ముదిరింది" అంటే వైద్యుడి దగ్గరికి ఎవరూ తీసుకెళ్ళరు. తలాతోకా లేని పనులు చేస్తున్నాడని అర్థం. గ్రీకు పిత్తం కోపం దగ్గర ఆగింది, మన పిత్తం తిక్క దగ్గర ఆగింది.

ముందు వరసలోంచి ఒకరు అడుగుతున్నారు, కొలెస్ట్రాల్‌కీ దీనికీ ఏమన్నా సంబంధముందా అని. ఉందండీ, మంచి ప్రశ్న. పిత్తాశయంలో రాళ్ళు వస్తాయి కదా, ఆ రాళ్ళలో దొరికిన ఒక పదార్థానికి షెవ్రెల్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త 19వ శతాబ్దం మొదట్లో పేరు పెట్టాడు. ఖోలే అంటే పిత్తం, స్టెరియోస్ అంటే గట్టిది. గడ్డకట్టిన పిత్తం అన్నమాట. రక్త పరీక్ష కాగితం మీద రోజూ చూసే ఆ మాటా, మా నాయనమ్మ పలకడానికి భయపడ్డ జబ్బూ ఒక్క వేరు నుంచే మొలిచాయి.

సరే, మన వైపు వద్దాం. సంస్కృతంలో ఈ జబ్బుకు పేరు విషూచి, విషూచిక. విసూచిక అని కూడా రాస్తారు. షకారమా, సకారమా అన్నది చిన్న తేడా కాదు, రెంటిలో రెండు వేర్వేరు ఊహలున్నాయి. షకారంతో రాస్తే విష్వక్ అన్న మాటకు దగ్గర. అన్ని వైపులకూ, రెండు వైపులకూ పోయేది. పైకీ కిందికీ పోవడమే ఆ రోగం. సకారంతో రాస్తే అందులో సూచి ఉంది, అంటే సూది. సుశ్రుతుడు రెండో దారి పట్టాడు. అజీర్తి వల్ల వాతం లోపల చిక్కుకుని ఒళ్ళంతా సూదులతో పొడిచినట్టు బాధ పెడుతుంది కాబట్టి దాన్ని వైద్యులు విసూచిక అంటారు అని చెప్పాడు. ఒంట్లో నీరూ ఉప్పూ పోయినప్పుడు కండరాలు ఎలా మెలిపెట్టి లాగుతాయో అనుభవించినవాళ్ళకు ఆ సూది మాట ఎంత నిజమో తెలుస్తుంది.

అంతకన్నా ముందే, శుక్ల యజుర్వేదపు వాజసనేయి సంహితలో, విషూచిక కనిపిస్తుంది. అక్కడ అది మనిషిని చంపేది కాదు. పులినీ తోడేలునూ, గద్దనూ సింహాన్నీ ఏ విషూచిక కాపాడుతోందో, అది ఈ మనిషినీ ఆపద నుంచి కాపాడుగాక అని ప్రార్థన. పచ్చి మాంసం ఎంత తిన్నా ఆ జంతువులకు అజీర్తి రాదు, ఆ జబ్బు వాటి జోలికి పోదు, అలాగే మన జోలికీ రావద్దు అని భావం చెబుతారు. నాకు ఈ మంత్రం చాలా ఇష్టం. భయపెట్టేదాన్నే పేరు పెట్టి పిలిచి కాపాడమని అడగడం మన గ్రామదేవతల దగ్గర చూస్తూనే ఉన్నాం. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో మరిడి అంటే ఈ జబ్బే, మరిడమ్మ అంటే అమ్మవారే. పుట్టిన పిల్లలకు మరిడయ్య, మరిడమ్మ అని ఆ పేరే పెట్టుకున్నారు. మా నాయనమ్మ పేరు దాచి కాపాడుకోవాలని చూసింది. వాళ్ళు పేరు పెట్టుకుని కాపాడుకోవాలని చూశారు.

యోగవాసిష్ఠంలో విషూచికకు ఒక కథే ఉంది. కర్కటి అనే రాక్షసి, కొండంత ఒళ్ళు, ఎంత తిన్నా తీరని ఆకలి. లోకంలోని జీవులన్నిటినీ తినాలని హిమాలయాల్లో తపస్సు చేస్తుంది. బ్రహ్మ ప్రత్యక్షమైతే, నన్ను సూదిని చెయ్యి, ఎవరికీ కనబడకుండా గుండెల్లో దూరిపోతాను అంటుంది. బ్రహ్మ సరేనంటూ, ఆ సూచికి ఉపసర్గ చేర్చి విషూచికవు కమ్మంటాడు. ఉపసర్గ అంటే వ్యాకరణంలో మాట ముందు చేరే 'వి' లాంటి ముక్క. ఉపసర్గ అంటే ఉపద్రవం కూడా. వ్యాకరణమూ వ్యాధీ ఒక్క మాటలో కలిసిపోయాయి. ఈ కథ రాసినవాళ్ళకు సూక్ష్మదర్శిని లేదు, సూక్ష్మజీవి తెలియదు. కానీ కంటికి కనబడనంత చిన్నది ఒకటి లోపలికి దూరి మనిషిని తినేస్తుందన్న ఊహ వాళ్ళకుంది. అదే సైన్సు అని నేను అనను. అది భయం. భయంతో పరకాయించి చూసినవాళ్ళ ఊహ.

ఇదే కథలో బ్రహ్మ ఇంకో మాట అంటాడు. చెడు తిండి తినేవాళ్ళనీ, చెడు నడవడి ఉన్నవాళ్ళనీ పట్టుకో అని. సుశ్రుతుడు కూడా, మితంగా తినే తెలివైనవాళ్ళకు ఇది రాదు, తిండి మీద యావ ఉన్న మూఢులకు వస్తుంది అన్నాడు. అంటే పేరుతో పాటే నింద కూడా వచ్చేసింది. జబ్బు చేసినవాడు తిండిపోతు అన్నమాట.

నింద ఒక్క మన దగ్గరే లేదు. 1669లో లండన్‌లో వచ్చిన ఈ జబ్బు గురించి థామస్ సిడెన్‌హామ్ అనే గొప్ప వైద్యుడు రాశాడు. వసంతంలో వాన కోవెలలు వచ్చినంత కచ్చితంగా, ఎండాకాలం చివర కలరా వస్తుంది అన్నాడు. ఆయన చెప్పింది ఇంగ్లండులో ఏటా వచ్చే మామూలు వాంతులు, విరేచనాల గురించే. పండ్లు అతిగా తినడం, తాగుడు దానికి కారణాలని అక్కడ చాలామంది అనుకునేవారు. గ్రీకుల నాటి నుంచి సిడెన్‌హామ్ దాకా 2000 ఏళ్ళు యూరప్‌లో కలరా అంటే ఇదీ. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు గోవా వెళ్దాం. 1543లో అక్కడ ఒక జబ్బు విరుచుకుపడింది. పోర్చుగీసు చరిత్రకారుడు గాస్పర్ కొరియా దాన్ని చూసి రాశాడు. చచ్చిపోయినవాళ్ళ కోసం చర్చి గంటలు పొద్దస్తమానం మోగుతూంటే జనం ఇంకా బెదిరిపోతున్నారని, గంటలు కొట్టవద్దని గవర్నరు ఉత్తర్వు ఇచ్చాడు. అక్కడి జనం ఆ జబ్బును మోర్షి అన్నారు. మరాఠీలో మోడశి. మోడ్ణే అంటే విరగడం, కూలిపోవడం. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోవడం చూసి పెట్టిన పేరు.

20 ఏళ్ళ తర్వాత, 1563లో, గోవాలోనే గార్సియా ద ఓర్తా అనే వైద్యుడు ఒక పుస్తకం అచ్చు వేశాడు. అందులో ఆయన ఈ జబ్బు పేర్లన్నీ ఒక చోట చేర్చాడు. మేము కోలెరికా అంటాం, ఇక్కడివాళ్ళు మోర్షి అంటారు, ఆ మాటను మావాళ్ళు పాడుచేసి మోర్దెషి అంటున్నారు, అరబ్బులు హైజా అంటారు అని. హైజా ఉర్దూలో ఇప్పటికీ ఉంది. గ్రీకు పుస్తకాల్లోని పాత పేరూ, మన దేశపు కళ్ళముందటి జబ్బూ పక్కపక్కన అచ్చులో కనబడే తొలి చోట్లలో ఇదొకటి.

పోర్చుగీసువాళ్ళ నోట్లో మోర్దెషిం అయిన ఆ మాట ఫ్రెంచివాళ్ళ చెవిన పడింది. వాళ్ళకు అది మోర్-ద-ష్యాఁ అని వినబడింది. ఫ్రెంచిలో దానికి కుక్క చావు అని అర్థం. ఒక మరాఠీ రైతు "కూలిపోయాడు" అన్న మాట సముద్రం దాటేసరికి కుక్క చావు అయింది. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. చెవికి అలా వినబడింది, జబ్బు తీరు చూస్తే ఆ అర్థం నప్పింది, మాట నిలిచిపోయింది.

అసలు మలుపు 1817. ఆ ఏడు ఆగస్టులో బెంగాల్‌లోని జెస్సోర్‌లో, ఇప్పుడది బంగ్లాదేశ్, ఈ జబ్బు ఎగసిపడింది. నవంబరుకల్లా బుందేల్‌ఖండ్‌లో విడిది చేసిన గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సైన్యాన్ని పట్టుకుంది. 1818లో బొంబాయి, మద్రాసు చేరింది. ఆ తర్వాత ఓడలెక్కింది, సైన్యాల వెంట నడిచింది.

జెస్సోర్‌లో ఉన్న వైద్యుడు రాబర్ట్ టైట్లర్. ఆయన దీనికి బియ్యం జబ్బు అని పేరు పెట్టాడు. లాటిన్‌లో మోర్బస్ ఒరైజియస్. కొత్త బియ్యం తినడం వల్లే వస్తోందని ఆయన గట్టి నమ్మకం. ఆ పేరు నిలబడలేదు. నిలబడి ఉంటే ఏమయ్యేదో ఊహించండి, అన్నం తినే దేశమంతా తన కంచాన్ని తానే అనుమానించేది. మిగతా ఇంగ్లిష్ వైద్యులు తమ పాఠ్యపుస్తకాల్లోంచి ఉన్న పేరే తీశారు. వాంతులు, విరేచనాలు, పిక్కలు పట్టేయడం, అయితే ఇది కలరాయే అన్నారు. గంటల్లో మనిషిని ఎండగట్టి చంపే ఈ జబ్బుకు, వసంతంలో పక్షుల్లా వచ్చిపోయే ఆ పాత వేసవి జబ్బు పేరు తొడిగారు.

ఆ పొరపాటు పర్యవసానం 1831లో కనబడింది. అక్టోబరులో ఇంగ్లండులోని సండర్లాండ్ రేవులో జబ్బు దిగింది. ఓడలను ఆపేశారు, వర్తకం స్తంభించింది. అప్పుడు ఆ ఊరి వర్తకులు, వాళ్ళతో పాటు కొందరు వైద్యులూ సభ పెట్టి, ఇది ఏషియాటిక్ కలరా, అంటే ఆసియా నుంచి వచ్చిన ఆ కొత్త జబ్బు కాదు, మన దేశంలో ఏటా వచ్చే మామూలు కలరాయే అని ప్రకటించారు. ఒకే పేరు రెండు జబ్బులకు ఉండబట్టే ఆ మాట అనగలిగారు. ఒక పేరు చాటున అంత పెద్ద అబద్ధం దాక్కుంది.

ఇక వైద్యం దగ్గరికి వస్తాను. నేను అన్నిటికన్నా ఎక్కువ చెప్పాలనుకున్నది ఇక్కడే.

కలరా అంటే పిత్తం అనుకున్నారు కదా. పిత్తం ఎక్కువైతే ఏం చేస్తారు? బయటికి తీస్తారు. అందుకే రోగికి కాలొమెల్ అనే పాదరసం మందు ఇచ్చి ఇంకా విరేచనాలు చేయించారు. చేతి నరం కోసి నెత్తురు తీశారు. నెత్తురు బయటికి రాకపోతే, చిక్కగా నల్లగా జీళ్ళపాకంలా కదలక నిలబడితే, ఇంకో చోట కోసి చూశారు. దాహం దాహం అని అల్లాడే మనిషికి చాలాచోట్ల నీళ్ళు ఇవ్వనివ్వలేదు, మన ఊళ్ళలోనూ ఇవ్వనివ్వలేదు. లోపల ఉన్నది బయటికి పోతోంది కదా, ఇంకా పోయడమెందుకు అని.

ఇప్పుడు ఒక్కసారి ఆ విరేచనం రంగు చూడండి. అసహ్యించుకోకండి, ఎంతోమంది ప్రాణాలకు సంబంధించిన సంగతి ఇది. కలరా ముదిరిన రోగికి అయ్యే విరేచనం పసుపుగా ఉండదు, ఆకుపచ్చగా ఉండదు. బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా, పలచగా ఉంటుంది. అక్కడక్కడా చిన్న తెల్లని తునకలు. వైద్య పుస్తకాలు దాన్ని ఇంగ్లిష్‌లోనూ బియ్యం నీళ్ళనే అంటాయి. అందులో పిత్తం రంగే కనబడదు! పిత్తం పేరు పెట్టిన జబ్బులో పిత్తం జాడ లేదు. కళ్ళెదుట ఉన్నది నీళ్ళు, పుస్తకంలో రాసి ఉన్నది పిత్తం. కళ్ళను కాదని పుస్తకాన్ని నమ్మారు.

కళ్ళను నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు. ఓషాగ్నెస్సీ అని 22 ఏళ్ళ యువ వైద్యుడు. సండర్లాండ్ వైపు వెళ్ళి కలరా రోగుల నెత్తురు పరీక్ష చేశాడు. ఇందులో నీరు పోయింది, ఉప్పు పోయింది, అది తిరిగి ఎక్కించాలి అని రాశాడు. తర్వాత మన దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించింది ఆయనే. 1832లో స్కాట్లాండ్‌లోని లీత్‌లో థామస్ లట్టా అనే వైద్యుడు ఆ మాట పట్టుకుని నిజంగా ఎక్కించి చూశాడు.

ఆయన మొదటి రోగి ఒక ముసలావిడ. అన్ని మందులూ అయిపోయాయి, నాడి దొరకడం లేదు, ఇక కొన్ని నిమిషాలే అన్న స్థితి. లట్టా ఆవిడ చేతి నరంలోకి గొట్టం పెట్టి ఉప్పునీళ్ళు కొంచెం కొంచెంగా పంపాడు. మొదట ఏ మార్పూ లేదు. ఇంకొంచెం పంపాడు. ఊపిరి తేలికపడింది. లోతుకు పోయిన కళ్ళు, వేలాడిన దవడ, చల్లబడి బిగుసుకున్న ముఖం, అన్నీ మెల్లగా తిరిగి మనిషి ముఖంలా అయ్యాయి. ఆగిపోయిన నాడి కొట్టుకుంది. అరగంటలో, దాదాపు మూడు లీటర్ల పైన నీళ్ళు ఎక్కాక, ఆవిడ గట్టి గొంతుతో బాధేమీ లేదంది, కాస్త నిద్ర వస్తోందంది. లట్టా అలిసిపోయి, ఆవిణ్ణి ఆసుపత్రి వైద్యుడికి అప్పగించి వెళ్ళిపోయాడు. కొద్దిసేపటికే వాంతులు, విరేచనాలు మళ్ళీ మొదలయ్యాయి. మళ్ళీ నీళ్ళు ఎక్కించినవాళ్ళు లేరు. ఐదున్నర గంటల్లో ఆవిడ చనిపోయింది.

పోయిన నీళ్ళు పోయినంత సేపూ ఎక్కిస్తూ ఉండాలి. ఇంతే విషయం. ఆ గదిలో దానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నారు. మరుసటి ఏడు లట్టా కూడా చనిపోయాడు. ఆ పద్ధతిని లోకం దశాబ్దాల పాటు పక్కన పెట్టేసింది. కాలొమెల్, నెత్తురు తీయడం కొనసాగాయి. ఒక పేరు ఇంత పని చేయగలదు.

ఆ తర్వాతి కథ మీలో చాలామందికి తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. 1854లో లండన్‌లో సోహో దగ్గర బ్రాడ్ స్ట్రీట్‌లో పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోతే, జాన్ స్నో అనే వైద్యుడు ఇంటింటికీ తిరిగి, వాళ్ళలో ఎక్కువమంది ఒకే చేతి పంపు నీళ్ళు తాగారని తేల్చాడు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీయించాడు. అదే ఏడు ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఫిలిప్పో పచీనీ, చనిపోయినవాళ్ళ పేగుల్లో కదిలే సూక్ష్మజీవులను చూసి విబ్రియో అని పేరు పెట్టాడు. వణికేది, కదిలేది అని. ఎవరూ పట్టించుకోలేదు. 1884లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోహ్ కలకత్తాలో పనిచేసి కామా ఆకారంలో ఉన్న సూక్ష్మజీవే కారణమని ప్రకటించాడు. ఆ రోజుతో కలరా అన్న మాటకు అర్థం మారిపోయింది. అప్పటిదాకా అది లక్షణాల పేరు. అప్పటి నుంచి అది ఒక జీవి చేసే పని పేరు. పచీనీకి న్యాయం మాత్రం 1965లో జరిగింది. ఆ ఏడు ఆ జీవి శాస్త్రీయ నామానికి ఆయన పేరు, 1854 అన్న ఏడాదీ అధికారికంగా చేర్చారు.

ఇందులో మనం తక్కువ తలుచుకునే ఒక పేరుంది. శంభునాథ్ డే. కలకత్తాలో వైద్యుడు. సూక్ష్మజీవి సరే, అది పేగులో ఏం చేస్తే ఇన్ని నీళ్ళు వస్తున్నాయి అన్నది కోహ్ తర్వాత 75 ఏళ్ళు ఎవరూ చూపించలేదు. 1959లో డే చూపించాడు. ఆ జీవి ఒక విషం వదులుతుంది. ఆ విషం పేగు గోడను చీల్చదు, పుండు చెయ్యదు, నెత్తుర్లో కలవదు. గోడలోని కణాల చేత ఉప్పు బయటికి పోయేలా చేస్తుంది, ఉప్పు వెనకాలే నీళ్ళు పోతాయి. ముదిరిన రోగికి గంటకు లీటరు దాకా పోవచ్చు. ఒక్కసారి ఆలోచించండి, గంటకు లీటరు! మరాఠీ రైతు కూలిపోవడం అన్నాడంటే అనడా? గ్రీకువాడు తూము అని ఉంటే అది అన్యాయమా?

ఒకవైపు ఉప్పు బయటికి పోతున్నా, పేగులో ఇంకో తలుపు తెరిచే ఉంటుంది. చక్కెరా ఉప్పూ కలిసి వస్తే ఆ తలుపు రెంటినీ కలిపి లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్ళూ వస్తాయి. మనందరికీ తెలిసిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు చెప్పే లెక్క ప్రకారం లీటరు నీళ్ళకు 20.5 గ్రాముల పొడి, అందులో 13.5 గ్రాములు గ్లూకోజు, 2.6 గ్రాములు మామూలు ఉప్పు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ, సరిహద్దులో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు చక్కెర, ఉప్పు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. నూటికి 30 మంది పోతున్న చోట నూటికి నాలుగు కన్నా తక్కువకు దిగింది. దాహం అని అల్లాడే మనిషికి నీళ్ళు ఇవ్వడం. అమ్మకు ఎప్పుడూ చేయాలనిపించిందీ, పెద్దలు చేయనివ్వనిదీ అదే.

ఇవాళ ప్రయోగశాలలో కలరా అన్న మాట ఇంకా ఇరుకైంది. ఆ సూక్ష్మజీవిలో 200కు పైగా రకాలున్నాయి. వాటిలో ఓ1, ఓ139 అనే రెండు రకాలే ఊళ్ళను ముంచే కలరాను తెస్తాయి. ఓ139 మొదట 1992లో మన మద్రాసులోనే బయటపడింది. మిగతా రకాల వల్ల విరేచనాలు వచ్చినా దాన్ని కలరా అని లెక్క రాయరు. ఎండాకాలపు అజీర్తి నుంచి మొదలైన మాట రెండు అంకెల దగ్గరికి వచ్చి ఆగింది.

మహమ్మారి అన్న మాట దీనికి సరిగ్గా ఎదురు దిక్కుకు పోయింది. మారి అంటే చంపేది. మహామారి మన నోట్లో మహమ్మారి అయింది. ఒకప్పుడు ఊరి పొలిమేరలో నిలబడ్డ ఒక జబ్బు పేరు, ఒక అమ్మవారి పేరు. 2020 మార్చి నుంచి పత్రికల్లో అది దేశదేశాలకూ పాకిన ఏ అంటువ్యాధికైనా పేరైంది. ఒకటి ఇరుకైంది, ఒకటి విస్తరించింది.

చివరగా ఒక్క సంగతి. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో ఎన్నో ఏళ్ళు, ఏ దేశంలో వచ్చినా తప్పక బయటికి చెప్పాల్సిన జబ్బులు మూడే ఉండేవి. ప్లేగు, ఎల్లో ఫీవర్, కలరా. చెబితే ఏమవుతుందో అందరికీ తెలుసు. 1991లో పెరూలో కలరా వచ్చిందని తెలియగానే ఆ దేశపు చేపలు కొనడానికి బయటి దేశాలు వెనకాడాయి. ఓడలు ఆగుతాయి, యాత్రికులు రారు. అందుకని కొన్ని ప్రభుత్వాలు రోగులు కళ్ళెదుటే ఉన్నా కాగితం మీద కలరా అని రాయలేదు. తీవ్ర నీళ్ళ విరేచనాలు అని రాసి పంపాయి. అలా రాసిన చోట టీకాలు ఆలస్యమయ్యాయి, మందులు ఆలస్యమయ్యాయి.

నేను ఆ వార్త మొదటిసారి చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. చదువూ సంధ్యా లేని మా నాయనమ్మ, రెండు చావులు చూసిన మనిషి, చీకటి పడ్డాక గుమ్మంలో కూర్చుని "పేరు తియ్యకురా" అన్న గొంతు చెవుల్లో మోగింది. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. ఆవిడ దగ్గర ఆ ప్యాకెట్ లేదు.

నమస్కారం.